వైరల్ న్యుమోనియా - వ్యాధి సంకేతాలు

వైరల్ న్యుమోనియా అనగా వైరస్‌ల వలన ఊపిరితిత్తులలోని గాలిగదులకు, వాటి చుట్టూ ఉండే కణజాలానికి కలిగే వాపు. తెలుగునాట దీనిని, ఇతర రకాల న్యుమోనియాలను కూడా కలిపి "నిమ్ము చేరింది" అని వాడుకగా చెబుతారు. ఆసుపత్రి దస్త్రాలలోను, మరణ ధ్రువీకరణకు సంబంధించిన లెక్కలలోను, బీమా కాగితాలలోను ఈ వ్యాధిని మాటలతో పాటు ఒక సంకేతంతో నమోదు చేస్తారు. ఈ సంకేతాన్నే వాడుకలో కోడ్ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వెలువరించిన అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ పదవ సవరణలో వైరల్ న్యుమోనియాకు కేటాయించిన వర్గం జె12.

అయితే వైరస్ వలన వచ్చిన ప్రతి న్యుమోనియా జె12 కిందికి రాదు. ఫ్లూ వలన వచ్చినది ఒకచోట, తట్టు వలన వచ్చినది మరొకచోట, ఏ క్రిమి వలన వచ్చినదో తేలనిది ఇంకొకచోట చేరుతాయి. సంకేతం వైద్యుడు తేల్చి వ్రాసిన నిర్ధారణను మాత్రమే తెలుపుతుంది. ఆయన తేల్చలేనిది, తేల్చినా వ్రాయనిది అందులో కనిపించదు. జె12 కింద నమోదైన కేసుల సంఖ్యను చూసి దేశంలో వైరల్ న్యుమోనియా ఇంతే ఉన్నదని అనుకోవడం పొరపాటు కావడానికి కారణం ఇదే.

వ్యాధిని గుర్తించడంలో ఇబ్బంది

జ్వరం, దగ్గు, ఆయాసం, రక్తంలో ఆక్సిజన్ తగ్గడం అనేవి బాక్టీరియా వలన వచ్చే న్యుమోనియాలోను, వైరస్ వలన వచ్చే దానిలోను కనిపిస్తాయి. ఛాతీ ఎక్స్‌రే చూసి రెంటినీ ఖచ్చితంగా వేరు చేయడం సాధ్యం కాదు. వైరస్ పేరు తెలియాలంటే ముక్కు లేదా గొంతు నుండి తీసిన నమూనాపై ఆర్.టి.పి.సి.ఆర్. వంటి పరీక్ష చేయాలి. ఈ పరీక్షలు అన్ని ఆసుపత్రులలోను ఉండవు, ఉన్నచోట కూడా అందరికీ చేయరు.

పల్లెలలో పిల్లల విషయంలో పరిస్థితి మరింత భిన్నం. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పద్ధతిలో దగ్గుతో వచ్చిన బిడ్డ నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నదో లెక్కపెట్టి న్యుమోనియాను గుర్తిస్తారు. రెండు నెలల లోపు పసికందుకు 60, రెండు నెలల నుండి ఏడాది లోపు వారికి 50, ఏడాది నుండి ఐదేళ్ళ లోపు వారికి 40, లేదా అంతకు మించితే వేగంగా ఊపిరి తీస్తున్నట్లు లెక్క. ప్రాణం కాపాడటానికి ఇది చాలా మంచి పద్ధతి. కాని క్రిమి ఏదో ఇది చెప్పదు. అందుచేత ఇటువంటి కేసులు సంకేతాలుగా మారినప్పుడు సహజంగా జె18.9, అనగా "క్రిమి తెలియని న్యుమోనియా" అనే గడిలోకే పోతాయి.

చరిత్ర

మరణ కారణాలను పద్ధతి ప్రకారం లెక్కించే పని 19వ శతాబ్దంలో ఇంగ్లాండులో బలపడింది. అక్కడి జనన మరణాల నమోదు కార్యాలయంలో గణాంకాల పని చూసిన విలియం ఫార్, ఒకే వ్యాధిని వైద్యులు మూడు నాలుగు పేర్లతో వ్రాయడం, ఒకే పేరును వేర్వేరు వ్యాధులకు వాడడం వలన లెక్కలు పాడవుతున్నాయని 1839లోనే ఎత్తి చూపాడు. 1893లో చికాగోలో జరిగిన అంతర్జాతీయ గణాంక సంస్థ సమావేశంలో ఫ్రాన్సు దేశస్థుడైన జాక్ బెర్టిలాన్ మరణ కారణాల జాబితాను ప్రవేశపెట్టాడు. దాని మొదటి సవరణ 1900లో పారిస్‌లో జరిగింది. 1948 నాటి ఆరవ సవరణ నుండి ఈ బాధ్యత ప్రపంచ ఆరోగ్య సంస్థకు వచ్చింది. అప్పటివరకు ప్రధానంగా మరణ కారణాలకే పరిమితమైన జాబితాలో ప్రాణాపాయం లేని వ్యాధులకు కూడా అప్పుడే చోటు దొరికింది.

ఆరవ, ఏడవ సవరణలలో న్యుమోనియాను ఊపిరితిత్తిలో అది వ్యాపించిన తీరును బట్టి విభజించారు. ఒక తమ్మెను పూర్తిగా ఆక్రమిస్తే లోబార్ న్యుమోనియా, అక్కడక్కడ మచ్చలుగా ఉంటే బ్రాంకోన్యుమోనియా. వీటికి తోడు "ప్రైమరీ ఎటిపికల్ న్యుమోనియా" అనే వర్గం కూడా ఉండేది. పెన్సిలిన్‌కు, సల్ఫా మందులకు లొంగని ఈ న్యుమోనియా వైరస్ వలన వస్తుందని చాలామంది వైద్యులు నమ్మేవారు. 1940లలో దీని కారకాన్ని వేరు చేసిన మన్రో ఈటన్ బృందం కూడా అది బాక్టీరియాను ఆపే వడపోత గుండా పోతున్నందున వైరస్సేనని భావించింది. 1960ల ఆరంభంలో అది వైరస్ కాదని, కణకవచం లేని మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి అని తేలింది. పదవ సవరణలో దీని సంకేతం జె15.7. ఇది బాక్టీరియా న్యుమోనియాల వర్గంలో ఉన్నది. అంతకు పూర్వం ఎందరు రోగుల కాగితాలపై "వైరస్" అని పొరపాటుగా వ్రాయబడిందో ఇప్పుడు లెక్క తీయడం సాధ్యం కాదు.

1965 నాటి ఎనిమిదవ సవరణలో న్యుమోనియాను కారక క్రిమిని బట్టి విభజించడం మొదలై వైరల్ న్యుమోనియాకు 480 అనే సొంత సంఖ్య వచ్చింది. తొమ్మిదవ సవరణలో ఈ 480కి చుక్క తరువాత మరొక అంకె చేర్చి ఎడినోవైరస్, ఆర్.ఎస్.వి., పారాఇన్‌ఫ్లుయెంజా వైరస్‌లను వేరు చేశారు. 1990లో ఆమోదించబడి, 1994 నుండి సభ్య దేశాలలో వాడుకలోకి వచ్చిన పదవ సవరణలో సంఖ్యకు ముందు ఒక ఆంగ్ల అక్షరం చేరి 480 కాస్తా జె12 అయినది. శ్వాసకోశ వ్యాధుల అధ్యాయానికి కేటాయించిన అక్షరం జె.

జె12 వర్గంలోని విభాగాలు

జె12.0 - ఎడినోవైరస్ న్యుమోనియా
జె12.1 - రెస్పిరేటరీ సిన్సిషియల్ వైరస్ (ఆర్.ఎస్.వి.) న్యుమోనియా
జె12.2 - పారాఇన్‌ఫ్లుయెంజా వైరస్ న్యుమోనియా
జె12.3 - హ్యూమన్ మెటాన్యుమోవైరస్ న్యుమోనియా
జె12.8 - ఇతర వైరస్‌ల వలన న్యుమోనియా
జె12.9 - వైరల్ న్యుమోనియా, వైరస్ పేరు పేర్కొననిది

వీటిలో జె12.3 మొదట లేదు. మెటాన్యుమోవైరస్‌ను నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు 2001లో కనుగొన్న తరువాతనే దానిని జాబితాలో చేర్చారు. అంతకు ముందు కూడా ఆ వైరస్ పిల్లలకు సోకుతూనే ఉండేది, కాని లెక్కలలో దానికి పేరు లేదు.

చివర వచ్చే 8, 9 అంకెల తేడాను విద్యార్థులు తరచు పట్టించుకోరు. 8 అనగా వైరస్ ఏదో తెలుసు, కాని ఈ జాబితాలో దానికి ప్రత్యేకమైన గడి లేదు అని అర్థం. 9 అనగా వైరస్ అని మాత్రం చెప్పారు, ఏ వైరస్సో చెప్పలేదు అని అర్థం. ఇక వైరసా, బాక్టీరియానా అన్నది కూడా చెప్పనప్పుడు జె12 వర్గమే వర్తించదు, పైన పేర్కొన్న జె18.9 వాడాలి. మూడూ తెలియనితనానికి మూడు మెట్లు.

జె12లో చేరనివి

ఈ వర్గం పూర్తి పేరు "మరొకచోట వర్గీకరించని వైరల్ న్యుమోనియా". పేరులోని "మరొకచోట" అన్న మాటే ఇక్కడ కీలకం. ఫ్లూ వలన న్యుమోనియా వస్తే దానికి జె12 వాడరు. పరీక్షలో ఫ్లూ వైరస్ గుర్తించబడితే జె10.0, ఫ్లూ అని వైద్యుడు నిర్ధారించినా వైరస్ గుర్తించబడకపోతే జె11.0. పక్షులు, జంతువుల నుండి సోకే ఫ్లూ, మహమ్మారిగా మారే ఫ్లూ రకాలకు జె09 ఉన్నది.

తట్టుకు అనుబంధంగా వచ్చే న్యుమోనియా సంకేతం బి05.2, ఆటలమ్మ వలన వచ్చేది బి01.2, సైటోమెగలోవైరస్ వలన వచ్చేది బి25.0. ఇవన్నీ అంటువ్యాధుల అధ్యాయంలో ఉన్నాయి. తల్లి గర్భంలో ఉండగానే బిడ్డకు సోకిన వైరల్ న్యుమోనియాకు పి23.0 అనే వేరొక సంకేతం కలదు. తట్టు, ఆటలమ్మ వంటి వాటి విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రచురణ రెండు సంకేతాలను జంటగా వాడే వీలు కల్పించింది. మూలవ్యాధి సంకేతానికి బాకు గుర్తు (†), ఊపిరితిత్తులలో అది కనిపించిన రూపానికి నక్షత్ర గుర్తు (*) ఉంటాయి. ఉదాహరణకు బి05.2†, జె17.1*. నక్షత్రపు సంకేతాన్ని ఎప్పుడూ ఒంటరిగా వ్రాయకూడదు.

ఈ ఏర్పాటు వలన తట్టు టీకాతో తప్పిన న్యుమోనియా మరణాల తగ్గుదల జె12లో కనిపించదు, తట్టు లెక్కలోనే కనిపిస్తుంది. అదే విధంగా 2009లో వ్యాపించిన స్వైన్ ఫ్లూ వలన న్యుమోనియా వచ్చి మరణించినవారు ఫ్లూ వర్గాలలోనే చేరుతారు. న్యుమోనియా మరణాలను పోల్చి చూసేవారు జె12ను మాత్రమే కాక జె09 నుండి జె18 వరకు గల విభాగం మొత్తాన్ని, దానితో పాటు అంటువ్యాధుల అధ్యాయాన్ని కూడా చూడవలసి ఉంటుంది.

సంకేతాన్ని నిర్ణయించే విధానం

సంకేతాన్ని సాధారణంగా వైద్యుడు కాక, దానికి శిక్షణ పొందిన కోడర్ నిర్ణయిస్తాడు. రోగిని ఇంటికి పంపేటప్పుడు వైద్యుడు వ్రాసిన సారాంశాన్ని చదివి, ముందుగా అకారాది సూచికలో వ్యాధి పేరు వెదికి, అక్కడ దొరికిన సంకేతాన్ని ప్రధాన జాబితాలో సరిచూసుకోవాలి. సూచికతోనే ఆగిపోతే "ఇది ఇక్కడ చేర్చరాదు" అని జాబితాలో ఉండే హెచ్చరికలు కంటపడవు.

ఒక రోగి జ్వరం, ఆయాసంతో చేరాడనుకుందాం. రెండు ఊపిరితిత్తులలోను మచ్చలు కనిపించాయి. వైద్యుడు "న్యుమోనియా" అని వ్రాస్తే సంకేతం జె18.9. "వైరల్ న్యుమోనియా" అని వ్రాస్తే జె12.9. "ఆర్.ఎస్.వి. న్యుమోనియా" అంటే జె12.1. "ఇన్‌ఫ్లుయెంజా ఏ, దానితో న్యుమోనియా" అంటే జె10.0. రోగి ఒక్కడే, ఊపిరితిత్తులు అవే, వ్రాసిన మాటను బట్టి నాలుగు గడులు. ప్రయోగశాల నివేదికలో ఆర్.ఎస్.వి. ఉన్నదని వచ్చి, వైద్యుడు తన సారాంశంలో ఆ మాట వ్రాయకపోతే కోడర్ సొంతంగా జె12.1 వేయరాదని అమెరికా నియమాలు చెబుతాయి. వైద్యుడిని అడిగి, వ్రాతపూర్వకంగా సమాధానం తీసుకోవాలి.

అమెరికాలో పదవ సవరణకు మరిన్ని అంకెలు చేర్చిన సొంత రూపాన్ని 2015 అక్టోబరు 1 నుండి వాడుతున్నారు. తెలుగువారికి ఈ రూపంతోనే పరిచయం ఎక్కువ. హైదరాబాదులో అమెరికా ఆసుపత్రుల దస్త్రాలకు కోడింగ్ చేసే సంస్థలు అనేకం ఉన్నాయి, అమీర్‌పేటలో ఆ శిక్షణ ఇచ్చే కేంద్రాలూ ఉన్నాయి. అక్కడ నేర్చిన సంకేతాలన్నీ ప్రపంచమంతటా చెల్లుతాయని అనుకోరాదు. ఉదాహరణకు సార్స్ న్యుమోనియాకు అమెరికా రూపంలో జె12.81 అనే సంకేతం ఉన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మూల ప్రచురణలో ఆ సంకేతమే లేదు, అక్కడ సార్స్‌కు యు04 అనే వేరే వర్గాన్ని ఇచ్చారు.

అమెరికా నియమాలలో అనుమానిత నిర్ధారణల సంగతి ప్రత్యేకమైనది. ఆసుపత్రిలో చేరి చికిత్స పొందిన రోగి విషయంలో, ఇంటికి పంపే నాటికి వైద్యుడు "బహుశా ఫలానా వ్యాధి" అని వ్రాస్తే దానిని ఉన్నట్లుగానే కోడ్ చేస్తారు. చేరకుండా చూపించుకుని వెళ్ళిన రోగికి అలా చేయరు, లక్షణాలనే కోడ్ చేస్తారు. కాని జె09, జె10 వర్గాలకు, కోవిడ్‌కు ఈ వెసులుబాటు లేదు. ధ్రువపడిన కేసులనే వాటి కింద చూపాలి. ధ్రువపడటానికి పరీక్ష కాగితమే ఉండాలని మాత్రం లేదు, వ్యాధి ఉన్నదని వైద్యుడు స్పష్టంగా వ్రాసినా చాలును.

ఈ పట్టింపులకు డబ్బు కూడా ఒక కారణం. అమెరికాలో వృద్ధుల ప్రభుత్వ బీమా పథకమైన మెడికేర్, రోగులను వ్యాధి సముదాయాలుగా విభజించి, సముదాయాన్ని బట్టి ఆసుపత్రికి ఒక మొత్తం చెల్లిస్తుంది. జె12.9 వంటి వైరల్ న్యుమోనియా "సాధారణ న్యుమోనియా" సముదాయంలోకి వస్తుంది. కొన్ని మొండి బాక్టీరియాల వలన వచ్చే న్యుమోనియా అంతకంటే ఎక్కువ చెల్లించే సముదాయంలోకి పోతుంది. అందుచేత ఒక అంకె మారితే ఆసుపత్రికి వచ్చే సొమ్ము మారుతుంది, తనిఖీలు జరిగేదీ ఇందుకే. ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వంటి పథకాలలో చెల్లింపులు చికిత్సల ప్యాకేజీలను బట్టి జరుగుతాయి గనుక అక్కడ లెక్క వేరు.

కోవిడ్ కాలంలో మార్పులు

2019 చివరలో కొత్త కరోనా వైరస్ బయటపడినప్పుడు దానికి సంకేతం లేదు. 2020 ఫిబ్రవరిలో అమెరికా ఇచ్చిన తాత్కాలిక సూచన ప్రకారం ఈ న్యుమోనియాకు జె12.89, దానితో పాటు "ఇతర కరోనా వైరస్" అని తెలిపే బి97.29 వ్రాయవలసి వచ్చింది. మామూలు జలుబు కలిగించే కరోనా వైరస్‌లకు కూడా ఇదే బి97.29 వర్తిస్తుంది. కనుక ఆ కొద్ది వారాల దస్త్రాలలో కోవిడ్‌ను సంకేతం చూసి విడదీయడం కష్టం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర అవసరాలకై అట్టిపెట్టిన యు07 వర్గం నుండి రెండు సంకేతాలను ఇచ్చింది. పరీక్షలో వైరస్ గుర్తించబడితే యు07.1, లక్షణాలను, పరిచయాలను బట్టి వైద్యుడు నిర్ధారించినా పరీక్షలో తేలకపోతే యు07.2. అమెరికా 2020 ఏప్రిల్ 1 నుండి యు07.1ను మాత్రం స్వీకరించింది. 2021 జనవరి 1 నుండి కోవిడ్ న్యుమోనియాకు జె12.82 అనే ప్రత్యేక సంకేతాన్ని చేర్చింది. అయితే ఇది రెండవ స్థానంలోనే ఉండాలి, ముందుగా యు07.1 వ్రాయాలి.

భారతదేశంలో మరణ ధ్రువీకరణ

భారతదేశంలో మరణ కారణాన్ని వైద్యుడు ధ్రువీకరించే విధానం జనన మరణాల నమోదు చట్టం, 1969 కింద నడుస్తున్నది. ఆసుపత్రిలో జరిగిన మరణాలకు ఫారం 4, బయట జరిగిన వాటికి ఫారం 4ఎ వాడతారు. ఫారంలోని మొదటి భాగంలో పై వరుసలో తక్షణ కారణాన్ని, దాని కింద అందుకు దారితీసిన దానిని, అట్టడుగున మూల కారణాన్ని వ్రాయాలి. రెండవ భాగంలో మరణానికి దోహదం చేసిన ఇతర వ్యాధులు వ్రాయాలి. గణాంకాలకు ఎక్కేది ప్రధానంగా మూల కారణమే.

కోవిడ్ వచ్చిన రోగి విషయంలో పై వరుసలో తీవ్ర శ్వాస వైఫల్యం, రెండవ వరుసలో న్యుమోనియా, మూడవ వరుసలో కోవిడ్-19, రెండవ భాగంలో మధుమేహం అని వ్రాస్తే మూల కారణం కోవిడ్ అవుతుంది. బెంగుళూరులోని జాతీయ వ్యాధి సమాచార, పరిశోధన కేంద్రం 2020లో వెలువరించిన మార్గదర్శకాలు ఈ క్రమాన్నే సూచించాయి. పరీక్షలో తేలకపోయినా లక్షణాలున్న వారికి యు07.2 వాడాలని కూడా అందులో ఉన్నది. వైద్యుడు మూడవ వరుసను ఖాళీగా వదిలి "న్యుమోనియా" వద్దనే ఆగిపోతే ఆ మరణం జె18.9 అవుతుంది, మహమ్మారి లెక్కలో నుండి జారిపోతుంది.

ఇది గణాంకాల చర్చగా మాత్రమే మిగలలేదు. కోవిడ్ మృతుల కుటుంబాలకు ఆర్థిక సహాయం గురించి 2021 జూన్ 30న సుప్రీం కోర్టు తీర్పు ఇస్తూ, మరణ పత్రాలలో కోవిడ్‌ను పేర్కొనే విధానాన్ని సులభతరం చేయాలని ఆదేశించింది. దరిమిలా 2021 సెప్టెంబరులో కేంద్ర ఆరోగ్య శాఖ, భారత వైద్య పరిశోధన మండలి మార్గదర్శకాలు వచ్చాయి. పరీక్షలో తేలిన నాటి నుండి లేదా ఆసుపత్రిలో వైద్యులు నిర్ధారించిన నాటి నుండి 30 రోజులలోగా జరిగిన మరణాన్ని, అది ఆసుపత్రి బయట జరిగినా, కోవిడ్ మరణంగా పరిగణించాలని వాటి సారాంశం. పత్రంలో వ్రాసిన కారణం సరికాదని భావించే కుటుంబాలు జిల్లా స్థాయి కమిటీకి మొర పెట్టుకునే వీలు కల్పించారు. సహాయం మొత్తం 50,000 రూపాయలుగా నిర్ణయమైంది. కాగితంపై "న్యుమోనియా" అన్న ఒక్క మాటే ఉన్న కుటుంబాలకు ఆ తరువాతి వరుసలో ఏమి వ్రాసి ఉండవలసిందో తెలుసుకోవలసిన అగత్యం ఈ విధంగా కలిగింది.

2023లో సవరించిన చట్టం ప్రకారం, ఆసుపత్రి ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా మరణ కారణ ధ్రువీకరణను రిజిస్ట్రారుకు పంపి, దాని ప్రతిని సమీప బంధువుకు ఇవ్వాలి. ఇది 2023 అక్టోబరు 1 నుండి అమలులోకి వచ్చింది. దేశంలో 2020లో నమోదైన మరణాలలో వైద్య ధ్రువీకరణ పొందినవి నాలుగవ వంతు కూడా లేవు. మిగిలిన మరణాలకు ఏ సంకేతమూ లేదు.

ఆర్.ఎస్.వి. లెక్కింపు

ఒకే వైరస్‌ను లెక్కించడానికి ఎన్ని గడులు వెదకాలో ఆర్.ఎస్.వి. ఉదాహరణ చూపుతుంది. పసిపిల్లలలో ఇది ఊపిరితిత్తుల చిన్న గొట్టాలకు సోకితే బ్రాంకియోలైటిస్, సంకేతం జె21.0. పెద్ద గొట్టాలకు సోకితే బ్రాంకైటిస్, జె20.5. గాలిగదులకు చేరితే న్యుమోనియా, జె12.1. ఇతర వ్యాధులకు కారణంగా చూపవలసి వస్తే బి97.4. పసిబిడ్డలో మొదటిదానిని, మూడవదానిని వేరు చేయడం అనుభవజ్ఞులకే కష్టం, ఒకరు బ్రాంకియోలైటిస్ అన్నదానిని మరొకరు న్యుమోనియా అనవచ్చును. 2023 నుండి వృద్ధులకు ఆర్.ఎస్.వి. టీకాలు అందుబాటులోకి వచ్చాయి. అవి ఎంత మేలు చేశాయో జె12.1 ఒక్కదానితో కొలిస్తే లెక్క తప్పుతుంది.

పదకొండవ సవరణ

2019 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సభ ఆమోదించిన పదకొండవ సవరణ 2022 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది. ఇందులో వైరల్ న్యుమోనియా సంకేతం సిఎ40.1. ఆర్.ఎస్.వి. న్యుమోనియా సిఎ40.11 అయినది. ఫ్లూను శ్వాసకోశ వ్యాధుల నుండి తీసి అంటువ్యాధుల అధ్యాయంలో చేర్చారు. సున్నా, ఒకటి అంకెలతో పొరపడకుండా ఆంగ్ల అక్షరాలు ఓ, ఐ లను సంకేతాలలో వాడలేదు. వ్యాధి సంకేతానికి క్రిమి, తీవ్రత వంటి వివరాల సంకేతాలను & గుర్తుతో కలిపి ఒక గుత్తిగా వ్రాసే సౌకర్యం కూడా కల్పించారు. దీని వలన జె12.8 వంటి "ఇతర" గడిలో కలిసిపోయే వైరస్‌లను పేరుతో చూపవచ్చును.

దేశాలు కొత్త సవరణకు మారడానికి ఏళ్ళు పడుతుంది. పదవ సవరణ 1990లో ఆమోదం పొందగా, అమెరికా ఆసుపత్రులు దానికి మారింది 2015లో. అందువలన 480, జె12, సిఎ40.1 మూడూ ఒకే వ్యాధికి వేర్వేరు కాలాల సంకేతాలుగా దస్త్రాలలో కనిపిస్తాయి. కాలక్రమంలో న్యుమోనియా పెరిగిందో తగ్గిందో చూడదలచినవారు ముందుగా ఆ ఏడాది ఆ దేశంలో ఏ సవరణ వాడుకలో ఉన్నదో గమనించాలి.